మూడు రంగుల జాబితా

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ క్లాసు పిల్లల పేర్లు, పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. "పసుపు వాళ్ల మీదే దృష్టి పెట్టమన్నారమ్మా, ఎరుపు వాళ్లని వదిలేయమన్నారు" అని రాశావు. ఆ రంగులు నాకు కొత్త కాదు. మేం స్కెచ్ పెన్నులతో గీసేవాళ్లం, ఇప్పుడు కంప్యూటర్ గీస్తోంది.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నేను టీచరుగా చేరిన మూడో ఏడు, స్కూళ్లన్నిటికీ ఒకే ప్రశ్నపత్రం పెట్టి, పాస్ శాతాన్ని బట్టి స్కూలుకి పేరు అన్నారు. బాగా చదివేవాడికి ఇంకో పది మార్కులొచ్చినా ఆ శాతం కదలదు. ఐదు మార్కుల వాడు పదిహేనుకి ఎగబాకినా కదలదు. పాస్‌కి రెండు మూడు మార్కుల దూరంలో ఉన్న పసుపు వాళ్లని గట్టెక్కిస్తేనే కదులుతుంది. ఏడాదంతా నేను ఆ ఎనిమిది మంది చుట్టూనే తిరిగాను.

ఎరుపు జాబితాలో ఒక పిల్లాడు ఉండేవాడు. భిన్నాలు చెబుతుంటే లేచి, "టీచర్, కింది అంకె పెద్దదయ్యే కొద్దీ ముక్క చిన్నదెందుకవుతుంది?" అన్నాడు. ఆ ఏడు అంత మంచి ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. మా పాస్ శాతం పెరిగింది, నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని గోడకి ఎందుకు తగిలించలేదని చిన్నప్పుడు అడిగేదానివి.

తర్వాత చదివితే తెలిసింది, ఇది పాత జబ్బేనని. 1862లో ఇంగ్లండులో పిల్లలు చదవడం, రాయడం, లెక్కల్లో పాసైతేనే స్కూలుకి పూర్తి గ్రాంటు అన్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి పిల్లలు పుస్తకం మొత్తం బట్టీ పట్టి గడగడా అప్పజెప్పేవాళ్లు. చదవడం వచ్చిందో లేదో ఎవరికి కావాలి! అమెరికాలో 2002 నాటి చట్టం 2014 కల్లా పిల్లలందరూ లెక్కల్లో, చదవడంలో గట్టెక్కాలంది. అందరూ! ఆ గడువు దాటింది, 2015లో చట్టమే మార్చేశారు. ఈలోగా అక్కడి అట్లాంటా నగరంలో టీచర్లే పిల్లల జవాబులు చెరిపి దిద్దారు. 2011 విచారణలో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు తేలాయి. వాళ్ల గురించి చదివినప్పుడు నాకు కోపం రాలేదు, భయమేసింది. నేను రబ్బరు పట్టుకోలేదు, అంతే తేడా.

పరీక్షలే వద్దనను. ఏ పిల్లలు వెనకబడ్డారో అవి లేకపోతే పైవాళ్లకి కనబడదు, ఆ అమెరికా చట్టం ఉద్దేశమూ అదే. కానీ అది తెలుసుకోవడానికి పిల్లలందరికీ పెట్టి స్కూళ్లకి ర్యాంకులివ్వాలా? ఫిన్లాండులో చిన్న తరగతుల్లో కొంతమందిని ఎంచి పరీక్షించి చూస్తారు. టీచరు మెడ మీద కత్తి ఉండదు.

ఆ జాబితా అడిగితే ఇచ్చెయ్. ఉద్యోగం కొత్త, గొడవ పెట్టుకోమని చెప్పను. కానీ నీ దగ్గర ఇంకో కాగితం పెట్టుకుని, ఎరుపు వాళ్లలో ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాయి. భిన్నాల దగ్గర ఆగినవాళ్లు ఉంటే ఆదివారం ఫోన్ చెయ్. ఒక కాగితాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడిచి చూపిస్తే ఐదు నిమిషాల పని. నాకు అప్పుడూ తెలుసు.

మీ అమ్మ