గుండె పట్టీలను విశాఖ ఉక్కపోతలో పరీక్షించాలి

సంపాదకుడి గారికి,

ఒంటికి అంటుకుని గుండె లయను రికార్డు చేసే మెత్తటి సెన్సార్ల మీద ఓ బయోమెడికల్ ఇంజినీరింగ్ పరిశోధకురాలు చేస్తున్న కృషి గురించి మీ పత్రికలో చదివి చాలా సంతోషించాను. నేను ఈసీజీ టెక్నీషియన్‌ని. ఇలాంటి పట్టీల అవసరం ఎంత ఉందో రోజూ చూస్తున్నాను. అందుకే ఈ విన్నపం. వాటి పరీక్షలు మన ఊళ్లో, మన వాతావరణంలో జరగాలి.

గుండె దడ అని వచ్చేవాళ్లలో చాలామందికి మా బల్ల మీద పడుకునేసరికి దడ తగ్గిపోతుంది. మామూలు ఈసీజీలో పడేది సుమారు 10 సెకన్ల గుండె లయ. "నార్మల్‌గానే ఉందండి" అని కాగితం చేతికిస్తాం. "మరి రాత్రంతా ఎందుకు కొట్టుకుందమ్మా?" అని పెద్దవాళ్లు అడిగితే ఏం చెప్పాలో తోచదు. వచ్చిపోతుండే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పే జబ్బు ఇలాగే దొరక్కుండా పోతుంది. ఆ జబ్బులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోవు. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే. ముందే తెలిస్తే మందులతో ఆ ముప్పు చాలావరకు తప్పించవచ్చు.

దొరక్కపోతే గుండె లయను ఆగకుండా రికార్డు చేసే హోల్టర్ పెడతాం. నడుముకో పెట్టె, ఛాతీ మీద వైర్లు, 24 గంటలో 48 గంటలో. స్పిరిట్‌తో తుడిచి, జెల్ ఎలక్ట్రోడ్లు అతికించి, పైన ప్లాస్టర్ కూడా వేస్తాం. మే నెల ఉక్కలో అదేం నిలుస్తుంది? ఫిషింగ్ హార్బర్‌లో చేపల బుట్టలు మోసే మనిషికి పెడితే మర్నాటికి ఒక అంచు లేచిపోయి ఉంటుంది. రికార్డింగ్ తెరిస్తే గంటల తరబడి గజిబిజి గీతలు. ఆ గంటల్లో దడ వచ్చిందో లేదో ఏ డాక్టరూ చెప్పలేరు. పరీక్ష మళ్లీ చేయించుకోవాలి, మళ్లీ కూలి పోతుంది.

2011లో అమెరికాలో శాస్త్రవేత్త జాన్ రోజర్స్ బృందం చర్మంలా సాగే సర్క్యూట్లు చేసి చూపించింది. లోహపు తీగను మెలికలుగా పరిచి రబ్బరు లాంటి పలచటి పొర మీద పెడతారు. చర్మం సాగినప్పుడు మెలికలు విప్పుకుంటాయి, తీగ తెగదు. చర్మానికి ఎంత బాగా అతుక్కుంటే కదలికల వల్ల వచ్చే గజిబిజి అంత తగ్గుతుంది. కానీ ఏసీ గదిలో అతుక్కున్న పట్టీ గాజువాకలో వెల్డింగ్ పని చేసేవాడి ఒంటి మీద వారం ఉంటుందా అన్నది వాడి చూస్తేనే తెలుస్తుంది. చర్మం రంగు సంగతీ మరవకూడదు. వేలికి పెట్టి కాంతితో రక్తంలో ఆక్సిజన్ చూసే, ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న పల్స్ ఆక్సీమీటర్ నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తోందని 2020లో అమెరికాలో జరిగిన అధ్యయనంలో కూడా తేలింది. కాంతితో నాడి చూసే సెన్సార్లకూ ఈ పరీక్ష తప్పనిసరి.

ఇందుకు కావలసినవన్నీ విశాఖలో ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి పాడేరు ఏజెన్సీ దాకా రోగులు వచ్చే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, దాన్ని ఆనుకుని ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది, పెదగంట్యాడ వైపు వైద్య పరికరాలు తయారుచేసి పరీక్షించే మెడ్‌టెక్ జోన్ ఉంది. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. సిగ్నల్ లేని కొండ ఊళ్లకు పంపే పట్టీ రికార్డును తనలోనే దాచుకోవాలి, ఊళ్లకు తిరిగే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం వచ్చినప్పుడు పంపించగలగాలి. వచ్చిన రికార్డు అదే రోజు చదివే మనిషిని కూడా పెట్టాలి. చదివే దిక్కు లేకపోతే ఎంత మంచి పట్టీ అయినా దండగే.

చలికాలంలో పరీక్షించి బాగుందని రాసేసుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లోనే, కూలి పనికి వెళ్లేవాళ్లకు, ఆ రోజుల కూలి ఇచ్చి మరీ చేయాలి. అతికించడానికి, రికార్డులు సరిచూడడానికి టెక్నీషియన్లు కావాలంటే మేం వస్తాం.

ఇట్లు,
ఒక ఈసీజీ టెక్నీషియన్,
గాజువాక, విశాఖపట్నం