ఆ ట్యూన్ ఎవరిది రా?

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? ఇక్కడ కరెంటు పోయి గంటయింది, ఫోన్‌లో చార్జింగ్ అడుగంటింది. అందుకే కాగితం తీశాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని తిట్టకు.

వారం రోజులుగా ఒకే బ్యాండ్ వింటున్నా. పేరు మ్యాగజైన్. మాంచెస్టర్ వాళ్లు. పెట్టినవాడు హోవర్డ్ డెవోటో. అంతకుముందు బజ్‌కాక్స్ అనే బ్యాండ్‌లో పాడేవాడు. 1976లో వాడూ, పీట్ షెల్లీ అనే ఇంకో కుర్రాడూ సెక్స్ పిస్టల్స్ అనే లండన్ బ్యాండ్‌ని చూసి మతి పోగొట్టుకుని, వాళ్లని మాంచెస్టర్ రప్పించి కచేరీ పెట్టించారు. మనం వినాయక చవితి పందిరికి చందాలు వసూలు చేసిన ఊపే అనుకో! అప్పు చేసి సొంత లేబుల్ మీద నాలుగు పాటల రికార్డు వేశారు. మొదట 1,000 కాపీలే. 1977 జనవరిలో అది వచ్చింది. జనం పంక్, పంక్ అని ఆ మొరటు, వేగపు రాక్ సంగీతం కోసం వెర్రెత్తిపోతుంటే, డెవోటో కొద్ది రోజులకే బ్యాండ్ వదిలేశాడు. పంక్ అప్పుడే పాతబడిపోయిందట వాడికి!

తర్వాత రికార్డుల షాపులో నోటీసు అంటించాడు. వాయించేవాళ్లు కావాలి, పంక్ మనస్తత్వం అక్కర్లేదని. ఆ రోజుల్లోనే దొరికాడు గిటారిస్టు జాన్ మెక్‌గియోక్, ఆర్ట్ కాలేజీ కుర్రాడు.

ఇప్పుడు అసలు సంగతి. 1978 జనవరిలో వాళ్ల మొదటి సింగిల్ ‘షాట్ బై బోత్ సైడ్స్’ వచ్చింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. గిటార్ ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి పోతుంది, ఇక పడిపోతుందేమో అనుకునే లోపు మళ్లీ కింది మెట్టు నుంచి మొదలెడుతుంది. నేను అది మెక్‌గియోక్ సొంతం అనుకున్నా. కాదురా! షెల్లీది. వదిలేసి వెళ్లిన స్నేహితుడికి ఆ ట్యూన్ ఇచ్చేశాడు. అదే ఏడాది ‘లిప్‌స్టిక్’ అనే బజ్‌కాక్స్ పాటలో తనూ వాడుకున్నాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టి విన్నా, నవ్వాగలేదు.

డెవోటో వాళ్ల పాట బ్రిటన్ అమ్మకాల చార్టులో 41వ స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. టీవీలో ‘టాప్ ఆఫ్ ది పాప్స్’కి పిలిస్తే డెవోటో స్తంభంలా నిలబడి పాడాడు. ఫొటో స్టూడియోలో ‘కదలకండి’ అన్నట్టు.

1978 నుంచి 81 దాకా నాలుగు ఆల్బమ్‌లు. రెండోది కీబోర్డుల బరువుతో నాకు నిద్ర తెప్పించింది. మూడోది మాత్రం బంగారం. 1980లో మెక్‌గియోక్ వెళ్లిపోయాడు, మరుసటి ఏడు డెవోటో కూడా వదిలేశాడు. వదిలేయడం వాడికి అలవాటే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు ఉద్యోగమని పుణె వెళ్లినప్పుడు మూడు వారాలు నీతో మాట్లాడలేదు కదా. మన బ్యాండ్‌కి ద్రోహం చేశావని తెగ ఫీలైపోయా. ఆ రోజు మేడ మీద నువ్వు వాయించి సగంలో ఆపేసిన ట్యూన్ ఉంది చూడు, దాన్ని వాయించడానికి కూడా మనసొప్పలేదు. నిన్న వాయించాను. మిగతా సగం కుదిరింది కూడా. నేను వాడుకుంటా, తర్వాత నువ్వూ వాడుకో. కాకపోతే మూడో గిటార్ కార్డ్ ఏమిటో గుర్తు రావడం లేదు. ఎఫ్ షార్ప్ మైనరా, ఏ మేజరా? వెంటనే రాయి.

నీ,
రవి