జిగురు సరే, కొత్తదనం ఏది?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన ‘అద్భుత జిగురు’ వార్త గురించి రాద్దామా వద్దా అనుకుంటూనే ఇన్నాళ్లు గడిచాయి. పేటెంటు వచ్చిందట, సంతోషం. అందులో ఏం కలిపారో మీరే వేశారు: పాలీవినైల్ అసిటేట్ ఎమల్షన్ (అదే మన తెల్ల జిగురు), పాలీవినైల్ ఆల్కహాల్, సుద్దపొడి, చిటికెడు అల్యూమినియం లవణం. నీళ్లు తగిలినా ఊడదట!

ఇరవై ఆరేళ్లు జిగురు యూనిట్‌లో బ్యాచ్‌లు దించినవాణ్ణి. ఆ లవణం పడితే తెల్ల జిగురు నీళ్లకు ఆగుతుందని మా హెల్పరుకు కూడా తెలుసు. మోతాదు మించితే గరిటె నిలబడిపోయేలా గడ్డకడుతుందనీ తెలుసు. ఆ డ్రమ్ము గీకింది అతనే మరి.

చట్టంలో లోటేమీ లేదు. దినుసుల గుణాలన్నీ ఒకచోట చేరడం తప్ప కొత్త ఫలితమేదీ లేని కలగలుపు ఆవిష్కరణ కాదని పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఇ) చెబుతోంది. వర్క్‌షాపులో చేసుకునే చిన్నపాటి మెరుగుదల పేటెంటుకు చాలదని సుప్రీంకోర్టు 1978లోనే, బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో తేల్చింది. లవణం ఉన్న జిగురు, లేని జిగురు రెండింటితో చెక్కలు అతికించి, నానబెట్టి, లాగి చూపించమనాలి. అనుభవజ్ఞుడు ఊహించినదాన్ని మించి పట్టు వచ్చిందా? ఆ అంకె మీ వార్తలో ఎక్కడా లేదు. విలేకరి అడగలేదు, ఇచ్చిన కాగితం అచ్చేశాడు.

1968లో అమెరికాలోని త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే కెమిస్టు గట్టి జిగురు కోసం తంటాలు పడుతుంటే, అంటీ అంటనట్టుండే జిగురు వచ్చింది. పుస్తకాల్లో పెట్టుకునే పసుపు చీటీలు దాని పుణ్యమే. అంటని జిగురు కావాలని ముందే ఎవరనుకుంటారు? అనుభవజ్ఞుడికి కూడా తట్టని సంగతంటే అదీ.

2023-24లో లక్షకు పైగా పేటెంట్లిచ్చామని మనవాళ్లు జబ్బలు చరుచుకుంటున్నారు. మంజూరుకు ముందే అభ్యంతరం చెబుదామంటే, ఒకప్పుడు ఉచితం, 2024 నిబంధనలతో దానికీ ఫీజు! కొండపల్లి కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మలకు చేతులు అతికిస్తారు. రేపు దాన్నే ‘సహజ పాలిమర్ మిశ్రమం’ అంటూ ఎవరైనా పేటెంటుకు పట్టుకెళ్తే ఆ కళాకారులు ఫీజు కట్టి చెన్నై పేటెంట్ ఆఫీసు చుట్టూ తిరగాలా?

అన్నట్టు, జిగురు బలం చూడండంటూ మీరు వేసిన ఫోటోలో చెక్కలకు బిగించిన క్లాంపు ఇంకా తీయనేలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్టు