లూప్‌లైన్‌లో ఎవరి నిమిషాలు?

సంపాదకులకు నమస్కారం.

రైళ్ల ఆలస్యాలకు ఇక ఏఐతో చెక్ అంటూ మీరు వేసిన వార్త చదివాను. సంతోషమే. కానీ ఆ కంప్యూటరు తగ్గించేది ఎవరి ఆలస్యాన్ని? ఆ మాట వార్తలో ఎక్కడా లేదు.

యంత్రం అవసరమేనని ముందే ఒప్పుకుంటాను. సింగిల్ లైన్‌లో రెండు రైళ్లు ఎదురుపడితే ఏదో ఒకటి లూప్‌లైన్‌లోకి, అంటే స్టేషన్‌లో పక్కన వేసిన పట్టాల మీదికి, వెళ్లి ఆగాలి. ఒక్కో చిక్కుకు రెండు దారులు కాబట్టి, ఇలాంటివి 10 ఉంటే 1,024 రకాలుగా తేల్చవచ్చు. 30 ఉంటే ఆ లెక్క 107 కోట్లు దాటుతుంది. అందులో చాలావరకు పనికిరానివే అనుకున్నా, ఒక పక్క ఫోన్లు మోగుతుంటే ఏ బండి ఆగాలో, ఏది కదలాలో చెప్పే సెక్షన్ కంట్రోలర్ బుర్రకు అందే లెక్క కాదిది. పాపం, అనుభవంతోనే నెట్టుకొస్తారు. నెదర్లాండ్స్ రైల్వే గణిత నమూనాల సాయంతో టైమ్‌టేబుల్ మొత్తాన్ని కొత్తగా వేసుకుని 2006 డిసెంబరులో అమల్లోకి తెచ్చింది. 2008లో ఆ పనికి, గణితంతో నిజజీవితపు చిక్కులు విప్పినవాళ్లకు ఇచ్చే ఎడల్‌మన్ అవార్డు దక్కింది. స్విట్జర్లాండ్‌లోనైతే ముందున్న సిగ్నల్ దగ్గర ఆగాల్సి వచ్చేట్టుంటే, కాస్త మెల్లగా రమ్మని లోకో పైలట్‌కు ముందే సూచన వెళ్తుంది. బండి ఆగదు, కరెంటూ మిగులుతుంది.

అయితే మనం రెండు పనులను ఒకే గాటన కట్టేస్తున్నాం. పాత రికార్డులు చూసి ఈ బండి ఎంత లేటవుతుందో చెప్పడం మెషీన్ లెర్నింగ్‌కు బాగా నప్పే పని. దేన్ని ఆపాలి, దేన్ని వదలాలి అని తేల్చడం ఆప్టిమైజేషన్. 2020లో స్విస్, జర్మన్, ఫ్రెంచ్ రైల్వేలు పాలుపంచుకున్న ఫ్లాట్‌ల్యాండ్ అనే పోటీలో (కంప్యూటర్లో ఉత్తుత్తి రైళ్లను నడిపించే పోటీ అది) నెగ్గింది కూడా తనంతట తాను నేర్చుకునే ప్రోగ్రాం కాదు, దారులు వెతికి లెక్క కట్టే పద్ధతే. ఇక రెండు రైళ్లు ఢీకొనకుండా చూసే ఇంటర్‌లాకింగ్ ఈ రెండింటికీ బయట ఉంటుంది, అలాగే ఉండాలి.

అసలు పేచీ ఆప్టిమైజేషన్ దగ్గరే. ఎక్స్‌ప్రెస్‌లో 1,200 మంది, ఎదురుగా వచ్చే ప్యాసింజర్‌లో 300 మంది ఉన్నారనుకుందాం. ఎక్స్‌ప్రెస్‌ను 5 నిమిషాలు ఆపితే జనం నష్టపోయేది 6,000 నిమిషాలు. ప్యాసింజర్‌ను 18 నిమిషాలు ఆపితే 5,400. కాబట్టి ప్యాసింజర్ ఆగాలి. కానీ ఆ 300 మందిలో 100 మందికి ముందు జంక్షన్‌లో పట్టుకోవాల్సిన బండి తప్పిపోయి, ఇంకో గంట పడిగాపులు పడాల్సి వస్తే? మరో 6,000 నిమిషాలు. తీర్పు తిరగబడుతుంది. ఆ 100 మందిని లెక్కలో వేయాలా వద్దా అన్నది కంప్యూటరు కనిపెట్టదు, ఎవరో రాసి పెట్టాలి. ఆ ఎవరో ఎవరు?

ఆ మధ్య నేనెక్కిన ప్యాసింజర్ లూప్‌లో అరగంట నిలబడింది. చివరి స్టేషన్‌కు మాత్రం టైముకే చేరింది, ఎందుకంటే ఆఖరి ముక్కకు టైమ్‌టేబుల్లో ధారాళంగా నిమిషాలు పోసి ఉంచారు. మధ్య స్టేషన్లలో దిగినవాళ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. చివరి స్టేషన్ టైమునే చూసే లెక్కలో ఆ అరగంట ఉండదు. అలాంటి రికార్డులతో నేర్పితే, చిన్న బండ్లను పక్కన పెట్టే మన పాత అలవాటునే యంత్రం రూలు అనుకుంటుంది. పైగా ఇక కంట్రోలర్‌ను తిట్టుకునే వీలు కూడా ఉండదు!

అందుకే అధికారులకు నా మనవి. ఏ రకం బండి ఆలస్యమైతే ఒక్కో నిమిషానికి లెక్కలో ఎంత విలువ ఇస్తున్నారో టైమ్‌టేబుల్‌తో పాటు ప్రచురించండి. ఆలస్యాన్ని ప్రతి స్టేషన్‌లో, ప్రయాణికుల లెక్కన కొలవండి. యంత్రం సలహాను కంట్రోలర్ కాదంటే కారణం రాసుకునే వీలివ్వండి, దాన్ని ఆయన తప్పుల చిట్టాగా మాత్రం మార్చకండి.

ఇట్లు,
రోజూ ప్యాసింజర్‌లో వెళ్లివచ్చే ఒక పాఠకుడు