మా నాన్నగారి కోసం నిలబడిన అల్వాల్ వాసులందరికీ కృతజ్ఞతలు

అల్వాల్‌లో నలభై ఏళ్లకు పైగా కిరాణా దుకాణం నడిపిన మా నాన్నగారు గత నెలలో కన్నుమూశారు. ఆయనకు గుండెపోటు వచ్చిన రాత్రి మొదలుకొని పెద్దకర్మ ముగిసే వరకు, దాదాపు ఆరు వారాల పాటు, ఎందరో మా కుటుంబానికి అండగా నిలిచారు. ఇది నిజానికి ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి చేతులు జోడించి చెప్పుకోవలసిన మాట. అయితే ఏటి సూతకంలో ఉన్నవాళ్లం ఇంకొకరి గడప తొక్కడం బాగుండదని పెద్దలు చెప్పినందువల్ల ఇలా రాస్తున్నాను. పేర్లు రాయవద్దని చాలామంది కోరారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదివినప్పుడు ఎవరికి వారికి తెలుస్తుంది.

ఆ రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో నాన్నగారు ఛాతీలో మంటగా ఉందన్నారు. మేము గ్యాస్ అనుకొని సోడా తాగించాం. ఆయన బనియను చెమటతో తడిసిపోవడం, ఎడమ చెయ్యి బరువెక్కిందని అనడం విని, అది గ్యాస్ కాదని గుర్తుపట్టింది మా పక్క వాటాలో అద్దెకు ఉంటున్న నర్సు అమ్మాయి. ఆమె తన దగ్గరున్న ఆస్పిరిన్ మాత్రను నాన్నగారి చేత నమిలించి, 108కి ఫోన్ చేసి, అంబులెన్సులో మాతోపాటు ఎక్కి, తెల్లవారి డ్యూటీ ఉన్నా మూడు గంటల దాకా అత్యవసర విభాగం ముందే కూర్చుంది. అమ్మా, నాన్నగారు ఆ తరువాత బతికిన ముప్పై రోజులూ నీ చలవే.

పరీక్షలు చేసి, మూడు రక్తనాళాలు పూడుకుపోయాయనీ, స్టెంట్లతో పని జరగదనీ, బైపాస్ చేయాలనీ డాక్టర్లు చెప్పారు. నాన్నగారిది ఓ నెగటివ్ రక్తం. ఆ రక్తాన్ని ఏ గ్రూపువారికైనా ఎక్కించవచ్చు గానీ, ఆ గ్రూపువారికి మాత్రం ఓ నెగటివ్ తప్ప మరొకటి పనికిరాదు. నాలుగు యూనిట్లు సిద్ధం చేసుకోమన్నారు. మా బంధువుల్లో ఆ గ్రూపు ఉన్నది ఒక్కరికే, ఆయనకు డెబ్బై ఏళ్లు. మర్నాడు మధ్యాహ్నానికల్లా పంక్చర్ దుకాణం చాచాగారి పెద్దబ్బాయి, భోజనం డెలివరీ చేసే ఒక తమ్ముడు, దుకాణానికి ఎప్పుడూ రాని ఒక సైనికుడు వచ్చి రక్తం ఇచ్చి వెళ్లారు. నాలుగో వ్యక్తిగా వచ్చిన విద్యార్థి రక్తం ఇచ్చి మూడు నెలలు నిండలేదని రక్తనిధి వారు వెనక్కి పంపితే, ఆ అబ్బాయి ఇంటికి పోకుండా తన హాస్టల్‌కు వెళ్లి, అదే గ్రూపు ఉన్న స్నేహితుణ్ని బండి మీద ఎక్కించుకొని తెచ్చాడు.

డబ్బు విషయం కూడా దాచకుండా చెప్పాలి. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్న మొత్తం మా దగ్గర లేదు. దుకాణానికి సరుకు వేసే బేగంబజార్ వ్యాపారి, పాత బాకీ సంగతి ఎత్తకుండా, "ముందు సేటు కోలుకోనీ" అని మరో రెండు లోడ్లు పంపించారు. మా దుకాణం అరుగు పక్కనే ఇరవై ఏళ్లుగా కూరగాయలు అమ్ముతున్న అత్తమ్మ, పది ఐదువందల నోట్లు ఒక కవరులో చుట్టి మా అమ్మ చేతిలో పెట్టింది. కొత్తిమీర కట్టల మీద చల్లే నీళ్లకు ఆ కవరు ఇంకా తడిగానే ఉంది. దుకాణానికి ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్ వారు, మాకు పోటీదారులు అనుకున్నవారు, నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న ఆ పది రోజులూ మా పాల ప్యాకెట్లను తమ ఫ్రిజ్‌లో ఉంచి మా గిరాకీలకే అందించారు.

ఈ సాయాలన్నీ నేను జ్ఞాపకం మీద రాయడం లేదు. మా దుకాణంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న అన్న, నాన్నగారు ఆసుపత్రిలో చేరిన మూడో రోజునే, ఉద్దెర పుస్తకాన్ని చివరి నుంచి తిప్పి కొత్త పేజీ మొదలుపెట్టారు. పైన "మనం ఇయ్యవలసింది" అని రాసి, కింద ఒక్కొక్కటీ తేదీతో ఎక్కించారు. "చాచా కొడుకు, రక్తం, ఒక బాటిల్." "కూరగాయల అత్తమ్మ, 5,000." "నర్సు, రాత్రంత." నాన్నగారు లెక్క రాసే పద్ధతే అది. ఇచ్చింది ఎంత చిన్నదైనా రాయాలి, తీసుకున్నదైతే ఇంకా ముందు రాయాలి అనేవారు.

నాన్నగారు ఈ దుకాణం పెట్టినప్పుడు అల్వాల్ హైదరాబాద్ నగరంలో భాగం కాదు, వేరే ఊరు. రైల్వే స్టేషన్, వెంకటేశ్వర స్వామి గుడి, వాటి చుట్టూ బస్తీలు, ఆ పైన ఖాళీ జాగాలు ఉండేవి. 2007 ఏప్రిల్‌లో పన్నెండు పురపాలక సంఘాలను కలిపి మహానగర పాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు అల్వాల్ కూడా అందులో కలిసింది. అపార్ట్‌మెంట్లు వచ్చాయి, సూపర్‌మార్కెట్లు వచ్చాయి, పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చాయి. ఊరు మారినా ఆయన మారలేదు. తరాజు పళ్లెం ఆగేదాకా చెయ్యి తీసేవారు కాదు, ఆగాక పైన మరో గుప్పెడు పప్పు వేసేవారు. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు తీరకముందే తన తూనికరాళ్లను సంచిలో వేసుకొని తానే వెళ్లి ముద్ర వేయించుకొని వచ్చేవారు.

ఉద్దెర ఇవ్వడంలో ఆయనకంటూ ఒక నియమం ఉండేది. దాని మీద నాకూ ఆయనకూ చాలాసార్లు వాదన జరిగింది. ప్రతి ఇంటికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చేవారు. దాని మూలకు చిల్లు పొడిచి సుతిలి కట్టి ఇస్తే, ఆ ఇంటివారు దాన్ని వంటింట్లో మేకుకు తగిలించుకునేవారు. సరుకు తీసుకున్నప్పుడల్లా ఆ పుస్తకంలోనూ, మా పెద్ద పుస్తకంలోనూ రాసేవారు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయి చేతిలో చిల్లర లేక జనం అల్లాడినప్పుడూ, 2020 లాక్‌డౌన్‌లో కూలీలకు పని లేనప్పుడూ, ఆ పుస్తకాలే చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించాయి. వసూలు కానివాటిని కొట్టేయమనీ, లేదంటే గట్టిగా అడగమనీ నేను అనేదాన్ని. ఆయన రెండూ చేయలేదు. ఒకసారి ఒకాయన మూడు నెలల బాకీ ఇవ్వలేక, మా వీధి తప్పించి రైలు పట్టాల పక్కనుంచి చుట్టూ తిరిగి ఇంటికి పోతున్నాడని తెలిసింది. నాన్నగారు అన్నను పిలిచి, "బాకీ కోసం కాదు, బియ్యం కోసం రమ్మన్నానని చెప్పు" అన్నారు. మరి మాఫీ చేయవచ్చు కదా అని నేనంటే, "మాఫీ చేస్తే ఆయన మళ్లీ మన దుకాణం మెట్టెక్కడు, ఆగితే ఎక్కుతాడు" అన్నారు. నిజంగానే ఆయన మెట్టెక్కారు. నెలకు రెండొందల చొప్పున ఆ బాకీ తీర్చారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాన్నగారు ఇంటికి వచ్చి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చొని, దుకాణం షట్టర్ చప్పుడు వింటూ రోజులు గడిపారు. ఇంటికి వచ్చిన పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. తన కళ్లు దానం చేయాలని ఆయన అమ్మతో చెప్పి ఉన్నారు. ముందుగా చెప్పి ఉన్నా, సంతకం చేసి ఉన్నా, చివరకు ఒప్పుకోవలసింది కుటుంబమే. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మరణించిన ఆరు గంటల లోపు కళ్లు సేకరించాలని తెలిసిన నర్సు అమ్మాయే నేత్రనిధికి ఫోన్ చేసి, ఫ్యాన్ ఆపించి, తల కింద దిండు పెట్టి, రెప్పలు మూసి, వాటి మీద తడి దూది ఉంచింది. నేత్రనిధి వారు ఇంటికే వచ్చి, అరగంటలో పని ముగించి, వెళ్లేముందు నాన్నగారి పాదాలకు దండం పెట్టారు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. షుగరు ఉన్నా, కళ్లజోడు ఉన్నా, వయసు మీద పడినా కళ్లు దానం చేయవచ్చని ఆ రోజు వచ్చిన చాలామందికి తెలిసింది.

పెద్దకర్మ నాడు భోజనాలు అయ్యాక, నేను ఊహించనిది జరిగింది. ఒక్కొక్కరూ తమ ఇంటి చిన్న పుస్తకాలు తీసుకొని వచ్చారు. పసుపు వేళ్ల మరకలు, నూనె చుక్కలు పడి, అంచులు చిరిగిన ఆ పుస్తకాలను అమ్మ ముందు పెట్టి, ఉన్నంత బాకీ ఇస్తామన్నారు. ఆ పూట డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. వద్దని చెప్పబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకొని ఆపి, "మీ నాన్న ఎవరినీ వద్దనలేదు" అని, అన్నను పిలిచి పుస్తకం తెమ్మన్నారు. ఒకామె ఇరవై రూపాయలు ఇచ్చింది. అన్న అది కూడా జమ రాశారు. లాక్‌డౌన్‌లో మా దగ్గర బియ్యం తీసుకొని స్వరాష్ట్రానికి వెళ్లిపోయిన ఒడిశా కూలీ ఒకరు, ఎవరి ద్వారా తెలిసిందో గానీ, ఆ సాయంత్రమే అన్న ఫోన్‌కు డబ్బు పంపించారు.

మీరు ఇచ్చిన డబ్బును మేము కూడా అదే పద్ధతిలో తీరుస్తాం. దయచేసి వద్దని అనకండి. రక్తం ఇచ్చినవారికీ, రాత్రంతా మేల్కొన్నవారికీ తిరిగి ఇవ్వగలిగింది మా దగ్గర లేదు. ఆ పేజీని అలాగే ఉంచుకుంటాం. ఎప్పుడు అవసరమైనా దుకాణానికి కబురు పంపండి, వస్తాను.

దుకాణం వచ్చే గురువారం ఉదయం ఆరు గంటలకు తెరుస్తున్నాం. గల్లాపెట్టె దగ్గర అమ్మ కూర్చుంటారు. మీ చిన్న పుస్తకాలు తెచ్చుకోండి. నాన్నగారి చేతిరాత ఆగిన పేజీ తరువాత, కొత్త పేజీ నుంచి అన్న రాస్తారు.