రమణకి ఉత్తరం: లాభం పేజీ తర్వాత, అప్పు పేజీ ముందు

విజయనగరం,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో నువ్వు గంటసేపు చెప్పావు, నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. పెట్టేశాక మీ చెల్లి అడిగింది, "అన్నయ్య అంత సంబరంగా చెప్తుంటే మీరేం మాట్లాడరేం?" అని. ఫోన్లో చెబితే వాదన అయిపోతుందని భయం. అందుకే కాగితం మీద పెడుతున్నాను. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

డల్లాస్‌లో మీ ఆఫీసతను, అతని స్నేహితులు కలిసి రెండొందల ఇళ్లున్న అపార్ట్‌మెంట్ కొంటున్నారని, నువ్వు 75 వేల డాలర్లు పెడదామనుకుంటున్నావని అన్నావు. ఏటా 8 శాతం ‘ప్రిఫర్డ్ రిటర్న్’ అనే లాభం, ఐదేళ్లకి అమ్మేసి రెట్టింపు. సిండికేషన్ అన్నమాట. వాళ్లు నడిపించేవాళ్లు, మీరు డబ్బు పెట్టేవాళ్లు. అందులో తప్పేం లేదురా. ఒక్కడివల్ల కాని బిల్డింగ్ పదిమంది కలిస్తే వస్తుంది. కానీ గంట మాటల్లో అప్పు సంగతి నువ్వు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు అదే టెన్షన్.

మా కంటోన్మెంట్ ఇల్లు నీకు తెలుసు కదా. నాన్న పోయాక 2021లో 30 లక్షలు లోన్ తీసి పైన రెండంతస్తులు వేశాను. ఇప్పుడు ఆరు పోర్షన్లు, ఒక్కోటి 5,500. చేతివేళ్ల మీద లెక్కేస్తే నెలకి 33 వేలు. కట్టేముందు నేనూ అలాగే లెక్కేసుకున్నాను.

మొన్న జ్యేష్ఠంలో మూడో పోర్షన్ ఖాళీ అయింది. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీకి షిఫ్టుకెళ్లే కుర్రాడు, కంపెనీ మారాడు. టూలెట్ బోర్డు పెట్టిన మర్నాడే ఒకాయన వచ్చి చూశాడు, నచ్చింది, అడ్వాన్సు కూడా ఇస్తానన్నాడు. వెనకాల వాళ్లమ్మగారు గుమ్మం దాటకుండానే, "ఆషాడంలో కొత్తింట్లోకి ఎవులైనా ఎల్తారేటి బాబూ, శ్రావణం రానీ" అంది. అంతే, రెండు నెలలు అద్దె లేదు. ఈలోగా గోడ నిండా మేకుల కన్నాలు పూడ్చి సున్నం వేయించాను. ఇంతలో బోరు మోటారు కాలిపోయింది. పైకి లాగి వైండింగ్ చేయించి మళ్లీ దింపడానికి పనివాళ్లతో కలిపి 9 వేలయింది. ఆ రెండు రోజులూ ఐదు కుటుంబాలకి ట్యాంకరు నీళ్లు నా ఖర్చే. ఇంటిపన్ను, మెట్ల లైట్లు, డ్రైనేజీ అన్నీ పోను ఏడాదికి నా చేతికి 3 లక్షలు మిగిలితే గొప్ప. స్థలంతో కలిపి ఇల్లు కోటి పలుకుతుందంటున్నారు. అంటే 3 శాతం. అక్కడ మీరు క్యాప్ రేట్ అనేది ఇదే. ఖర్చులు పోను మిగిలే అద్దెని ఇంటి ధరతో భాగిస్తే వచ్చేది.

ఇక లోన్ సంగతి. తీసుకున్నప్పుడు వడ్డీ 7 శాతం, పదిహేనేళ్లు, 2036కి తీరిపోవాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరిలోగా రిజర్వ్ బ్యాంక్ రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. నాది ఫ్లోటింగ్ లోన్, ఆ రేటు మారితే నా వడ్డీ కూడా మారుతుంది, తొమ్మిదిన్నరయింది. ఈఎంఐ మాత్రం అదే 26,965 కట్ అవుతుంటే నేను పట్టించుకోలేదు. ఒకరోజు స్టేట్‌మెంట్ తీస్తే చివరి వాయిదా 2041 అని ఉంది! ఐదేళ్లు పెరిగింది. బ్యాంకుకెళ్లి అడిగితే, ఈఎంఐ పెంచకుండా గడువు పెంచాం సార్ అని నెమ్మదిగా చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. రిటైరయ్యే నాటికి అప్పు ఉండదనుకున్నవాణ్ని. తర్వాత మీ చెల్లి గాజులు తాకట్టు పెట్టి కొంత అసలు తీర్చాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అదే సమయంలో మీ దగ్గర జరిగింది ఇంకా పెద్దది. 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రేటు 2023 జూలైకి 5.25-5.50 శాతం అయింది. మీ సిండికేటర్లు చాలామంది మూడేళ్ల బ్రిడ్జ్ లోన్లు, అంటే కొద్దికాలానికి తెచ్చే అప్పులు, అవీ ఫ్లోటింగ్‌వి తీసుకుని కొన్నారు. వడ్డీ ఒక హద్దు దాటకుండా రేట్ క్యాప్ అని కొనుక్కుంటారు. అది గడువు తీరాక మళ్లీ కొనాలంటే ధర అందకుండా పోయింది. నాకైతే గడువు పెంచారు, ఊపిరాడింది. వాళ్లకి మూడేళ్లవగానే మొత్తం కట్టాలి, లేదా కొత్త రేటుకి కొత్త అప్పు తేవాలి. చాలాచోట్ల డబ్బులు పంచడం ఆపేశారు. కొన్నిచోట్ల క్యాపిటల్ కాల్ అని పెట్టినవాళ్లనే మళ్లీ డబ్బడిగారు. కొన్ని బిల్డింగులు బ్యాంకుల చేతికెళ్లాయి.

ఇప్పుడు ఒక లెక్క చూడు, మన లెక్కల మాస్టారు బోర్డు మీద వేసినట్టు. ఖర్చులు పోను ఏడాదికి 10 లక్షల డాలర్లు మిగిలే అపార్ట్‌మెంట్ ఉంది. క్యాప్ రేట్ 4 శాతం ఉన్నప్పుడు దాని ధర రెండున్నర కోట్ల డాలర్లు. అందులో 75 శాతం, అంటే 1.875 కోట్లు అప్పు తెచ్చి కొన్నారు. వడ్డీలు పెరిగి, కొనేవాళ్లు ఐదున్నర శాతం ఉంటేనే కొంటామన్నారు. అప్పుడు అదే బిల్డింగ్ దాదాపు 1.82 కోట్లు. అప్పు కన్నా తక్కువ! ఒక్క అద్దె తగ్గలేదు, ఒక్కడు ఖాళీ చేయలేదు, పెట్టినవాళ్ల 62.5 లక్షల డాలర్లూ కాగితం మీద పోయాయి. నువ్వు పెడతానంటున్న 75 వేలు అందులో ఉన్నట్టు ఊహించుకో.

మనకి ఇళ్ల ధర పక్కింటివాడు ఎంతకి అమ్మాడన్నదాన్నిబట్టి ఉంటుంది. అక్కడ పెద్ద అపార్ట్‌మెంట్ల ధర మిగులునిబట్టి, వడ్డీనిబట్టి ఉంటుంది. అందుకే కొత్త కిచెన్లు పెట్టి అద్దె పెంచి ధర పెంచుతాం అంటారు. అది నిజంగా జరిగే పనే, కాదనను. మిగులు లక్ష డాలర్లు పెరిగితే 5 శాతం క్యాప్ రేట్ మీద ధర 20 లక్షలు పెరుగుతుంది. కత్తి రెండువైపులా తెగుతుంది, అంతే.

కాబట్టి నువ్వు అతన్ని అడగాల్సింది ఎనిమిది శాతం గురించి కాదు. ఆ ప్రిఫర్డ్ అన్న మాటకి హామీ అని అర్థం కాదురా, లాభం వస్తే ముందు మీకు, తర్వాత వాళ్లకి అని వరస మాత్రమే. అప్పు ఫిక్స్‌డా ఫ్లోటింగా, ఏ సంవత్సరం తీరాలి, రేట్ క్యాప్ ఎప్పటిదాకా, ధరలో అప్పు ఎంత శాతం, ఖాళీలు ఎంత లెక్కేశారు, కొన్నరోజే వాళ్లు తీసుకునే ఫీజెంత, వాళ్ల సొంత డబ్బెంత పెట్టారు అని అడుగు. విసుక్కుంటే అక్కడే ఆగిపో. మధ్యలో కావాలంటే వెనక్కి తీసుకునే వీలుండదు, ఓటూ పెద్దగా ఉండదు. మీ ఆవిడ లక్ష్మితో కూర్చుని, పిల్ల కాలేజీ ఫీజు ఈ డబ్బులోంచేనా అన్నది కూడా తేల్చుకో.

నీ రెండో ఆలోచన. మన బ్యాచ్ పన్నెండుమందీ డబ్బు వేసి భోగాపురం ఎయిర్‌పోర్టు దారిలో పోర్షన్లు కట్టడం, నేను చూసుకోవడం. నీ నమ్మకానికి కళ్లు చెమర్చాయి. కానీ ఒక్కడి పేరు మీద రిజిస్ట్రేషన్ మాత్రం వద్దు. మా బంధువుల్లో నలుగురు అలాగే ఒక సైటు కొన్నారు, పేరున్నాయన హఠాత్తుగా పోయాడు. మిగతా ముగ్గురి పేరూ ఎక్కడా లేదు. ఆయన భార్యకి అసలు విషయమే తెలియదు. పదో రోజున ఆవిడ ముందు కూర్చుని డబ్బు మాట ఎత్తలేక వాళ్లు పడ్డ బాధ నేను చూశాను. చేస్తే ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ) పెట్టి, ఎవరి వాటా ఎంతో రాసుకుని చేద్దాం. పైగా నీలాంటి ఎన్నారై పేరు మీద ఇల్లుంటే, అద్దె ఎంత చిన్నదైనా 30 శాతం పన్ను, పైన సెస్సు, అద్దెకుండేవాడే కోసి కట్టాలి. ఐదువేల పోర్షన్‌లో ఉండేవాడు ఆ తలనొప్పి పడతాడా? ఆ విషయం ఆడిటర్ని కలిసి అడిగి రాస్తాను.

శ్రావణం మొదటి శుక్రవారం ఆ అమ్మగారి కుటుంబం పాలు పొంగించుకుంది. పరమాన్నం గిన్నె మనింటికి కూడా పంపించారు.

నువ్వు ఆ సిండికేషన్ కాగితాల్లో అప్పు గురించి ఉన్న పేజీలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. సంతకం మాత్రం నేను చదివి ఫోన్ చేసేదాకా ఆపు.

నీ
పైడిరాజు