గంధమా, పీచా? తేలాల్సింది గోడ మీదే

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి వస్తోందని మీ ఆదివారం అనుబంధంలో ఇళ్ల రంగుల గురించి రాశారు. గంధం, పీచ్ (గులాబీ కలిసిన లేత నారింజ) రెండూ వెచ్చటి రంగులే, ఏది వేసినా గదికి కళ వస్తుందన్నారు. నేను ఒప్పుకోను. గది ఏ దిక్కున ఉందో చెప్పకుండా ఆ మాట అనకూడదు.

పెరంబూరులో మా ఇంట్లో అత్తయ్య గదికి ఉత్తరాన ఒకటే కిటికీ. ఎండ నేరుగా పడదు. పైగా కిటికీ ఎదురుగానే పక్కింటి ఆకుపచ్చ గోడ. మా గోడ పాత రంగు నీలం. దాని మీద పూసి చూస్తే కన్ను మోసపోతుందని, రెండు పెద్ద తెల్ల అట్టల మీద రెండేసి కోట్లు వేయించాం. ఎమల్షన్ ఆరితే కాస్త ముదురుతుంది కదా, అందుకని పూర్తిగా ఆరాకే గోడకి ఆనించాం. పొద్దున చూస్తే గంధం అట్ట పాలిపోయి, కిటికీ వైపు ఆకుపచ్చ ఛాయ కొట్టింది. గంధంలో ఉన్నది పసుపు మరి, నీలాకాశం వెలుతురూ పక్కింటి రంగూ పడితే ఇంకేమవుతుంది! పీచ్‌లో కొంత ఎరుపు ఉంది కాబట్టి తట్టుకుంది. రాత్రి 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైటు కింద మాత్రం అదీ నీరసపడింది (కెల్విన్ అంటే లైటు వెలుతురు రంగుకి కొలత; అంకె పెరిగితే నీలం వైపు, తగ్గితే పసుపు వైపు). 3000 కెల్విన్ బల్బు పెట్టాక కళ తిరిగొచ్చింది.

అత్తయ్యకి ఈమధ్యే శుక్లం ఆపరేషన్ అయింది. వయసు మీదపడితే కంట్లో కటకం పసుపెక్కుతుంది. అది మార్చాక రంగులు వేరుగా కనిపిస్తాయి. ఆ గదిలో ఉండేది ఆవిడ, కాబట్టి ఆవిడ మాటే మాట. "పీచే వేయించమ్మా, ఇక్కడ కూర్చుంటే నీ మొహం బాగా కనిపిస్తోంది" అన్నారు. గంధం పడమటి హాలుకి తీసుకున్నాం.

ఇంత చూసుకోవడానికి షాపులో వీలేదీ? తెల్లటి ఎల్‌ఈడీల కింద షేడ్ కార్డులో తపాలా బిళ్లంత ముక్క చూపిస్తారు. మెషీన్లో రంగు కలిపాక డబ్బా వాపసు తీసుకోరు. చిన్న డబ్బా అడిగితే మా డీలరు లేదన్నాడు, అట్టల కోసమే రంగుకొకటి చొప్పున లీటరు డబ్బాలు రెండు కొన్నాం. శాంపిల్ డబ్బా ప్రతి షాపులోనూ ఉండాలని మీ పత్రిక గట్టిగా రాయాలి. మీరు వేసే గదుల ఫోటోల కింద కిటికీ ఏ దిక్కో, బల్బు ఎన్ని కెల్విన్లో, ఆ షేడ్ ఎల్‌ఆర్‌వీ (లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ) ఎంతో కూడా వేయండి. ఈ ఎల్‌ఆర్‌వీ అంకె 100కి ఎంత దగ్గరైతే గోడ అంత వెలుతురు తిప్పి ఇస్తుంది. వెలుతురు తక్కువున్న గదులవాళ్లకి ముందు తెలియాల్సింది అదే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై